సిమెంటు వాకిట్లో జైతున్‌బీ కోళ్ళు

నాకు మట్టంటే పడదు. ముప్పై రెండేళ్ళు గుంటూరు నుంచి ప్రత్తిపాడు మీదుగా పోయే బస్సుల్లో కండక్టరుగా చేసినవాణ్ణి. ఎండాకాలం ఆ రోడ్ల మీద లేచిన దుమ్మంతా నేనే మింగాను. ఇంటికొచ్చి నోరు పుక్కిలిస్తే నల్లగా ఉమ్మేవాణ్ణి. అందుకని రిటైరైన నెలలోనే, నల్లపాడులో మా ఇంటి చుట్టూ ఉన్న జాగానంతా సిమెంటు చేయించేశాను. గేటు దగ్గర్నుంచి వెనక గోడ దాకా ఎక్కడా గరిక పోచ మొలిచే సందు లేదు. మా ఆవిడ వెంకటరావమ్మ కరివేపాకు మొక్కకని మూరెడు జాగా వదలమంది. వదల్లేదు. దాని మీద మూడు రోజులు నాతో మాట్లాడలేదు. బజార్లో కరివేపాకు కొన్న ప్రతిసారీ మాత్రం ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంటుంది.

నాకు ముక్కు మీద కోపం అని కూడా చెప్పాలి. ఇది నా మాట కాదు, మా డిపో మొత్తం అనే మాట. ఫుట్‌బోర్డు దిగనివాణ్ణీ, చంటిపిల్ల తల్లికి సీటివ్వనివాణ్ణీ ఎంత మాట పడితే అంత మాట అన్నాను. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి మాట్లాడటం నాకు చేతకాదు. ఇంత దురుసు మనిషి ఇంట్లో అద్దెకు దిగి, నా సిమెంటు వాకిట్లోనే ఏడు కోళ్ళకు కాపురం పెట్టిన జైతున్‌బీ కథ ఇది.

పోయిన మార్చిలో వచ్చింది. వెనక వైపు గదీ వంటిల్లూ ఖాళీగా ఉన్నాయని ఎవరో చెప్పారట. యాభై దాటిన మనిషి, సన్నగా, నుదుటి మీదికి కొంగు లాక్కుని గేటు దగ్గర నుంచుంది. వేళ్ళ కొసలు ఎర్రగా ఉంటే గోరింటాకనుకున్నాను. కాదు, అది మిరపకాయల రంగు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని ఆవిడది. చంకలో వెదురు గంప, గంప మీద గుడ్డ, గుడ్డ కింద ఏదో కదులుతోంది.

"గంపలో ఏందమ్మా?" అన్నాను.

"కోళ్ళు సార్."

"కోళ్ళుంటే ఇల్లివ్వను."

"అందరూ అట్టానే అంటారు సార్. అందుకే ముందే చూపించుదామని తెచ్చా. ఇదివరకు దాచిపెట్టి తెచ్చి, తర్వాత మాట పడ్డా."

ఇలా ఉన్నదున్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నేను కొంచెం మెత్తబడతాను. అయినా పైకి గట్టిగానే ఉన్నాను. ఈలోగా వెంకటరావమ్మ గంప మీద గుడ్డ తీసి చూసింది. బూడిద రంగు పెట్ట ఒకటి మెడ పైకి చాచి, మా ఆవిడ కళ్ళలోకి చూసింది. అంతే, నా పని అయిపోయింది.

"మొక్క ఎటూ లేదు, కోళ్ళయినా తిరగనీండి ఈ బండ మీద" అంది వెంకటరావమ్మ.

సరే, షరతులు పెట్టాను. నా సిమెంటుకి ఒక్క చిల్లు పడకూడదు. రెట్ట నా కళ్ళబడకూడదు. వాసన రాకూడదు, వచ్చిన రోజు గంప ఎత్తాల్సిందే. ఆవిడ అన్నిటికీ తలూపింది. వాసన మాట దగ్గర మాత్రం, "కోళ్ళకి వాసనేముంటది సార్, శుభ్రంగా ఊడ్చుకుంటా" అంది. ఎంత అమాయకంగా అందంటే, వెక్కిరిస్తోందేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడ దగ్గర కూర్చుని ఆవిడ చెప్పిందంతా కిటికీ లోంచి విన్నాను. ప్రత్తిపాడు పక్క పల్లెటూరు. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు, తల్లి కోళ్ళను పెంచేది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే గౌస్ బాషాకి ఇచ్చి పెళ్ళి చేశారు. అత్తగారింటికి పంపించేటప్పుడు తల్లి ఒక పెట్టను గంపలో పెట్టి ఇచ్చింది. ఈ ఏడూ ఆ పెట్ట సంతానానికి సంతానం. భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో ఎనిమిది ఇళ్ళు మారింది. ప్రతిసారీ సామాను వెనకా, గంప ఒళ్ళోనూ పెట్టుకుని ఆటో ఎక్కడమే. కూతురు జాస్మిన్ పిడుగురాళ్ళలో ఉంటుంది, కోళ్ళను అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమంటుంది.

"అమ్మేస్తే మా అమ్మ ఇచ్చిందేదీ ఇంక నా దగ్గరుండదు అక్కా" అంది జైతున్‌బీ. "ఇళ్ళన్నా వదిలాను గానీ వీటిని వదల్లా. ఈసారి మాత్రం మారే ఓపిక లేదు. వీటితో పాటు ఒక్కచోట ఉండిపోవాలి, అంతే."

మర్నాడు పనికి పోలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి వాకిట్లో నాలుగు చోట్ల పోసి, గొంతుక్కూర్చుని చూడటం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్?"

"వాటం చూస్తన్నా సార్. కోళ్ళ జాగా మెరకనుండాలి. పల్లంలో పెడితే వానకి వాటి కాళ్ళ కింద మడుగు కడుద్ది."

మా సిమెంటుకి గేటు వైపు వాటం, అదే వాలు, ఉందన్న సంగతి నాకూ మేస్త్రీకీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. వెనక గోడ మూల దగ్గర నీళ్ళు నిలవకుండా జారిపోవడం చూసి, అక్కడే అని తేల్చింది. ఇంక గుంజలెలా పాతుతుందో చూద్దామని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేల తవ్వకూడదన్నాను కదా, ఏం చేస్తుందిలే అని నా ధీమా.

రంగులు వేసేవాళ్ళ దగ్గర్నుంచి ఖాళీ డబ్బాలు ఎనిమిది తెచ్చింది, పెద్దవి. ఒక్కో దాంట్లో ఒక్కో సరుగుడు కర్ర నిలబెట్టి, చుట్టూ కంకరా సిమెంటూ పోసి కూరింది. మూడు రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు పట్టింది. నాలుగో రోజు నేను వెళ్ళి ఒక కర్ర పట్టుకుని ఊపాను. నేను ఊగాను గానీ అది ఊగలేదు. ఆ కర్రల చుట్టూ ఇనప జాలీ తిప్పి కట్టింది. జాలీ అడుగు అంచును జానెడు లోపలికి మడిచి, ఆ మడత మీద ఇటుకలు పేర్చింది.

"అదెందుకు?"

"పందికొక్కు కోసం సార్. జాలీని నేలలోకి దించలేం కదా, అంచు ఎత్తుకుని దూరకుండా ఈ బరువు. మట్టి నేలైతే కింద తవ్వుకుని వచ్చేది. మీ సిమెంటుని అది తవ్వలేదు. మంచి సిమెంటు సార్."

ఎనిమిదేళ్ళలో నా సిమెంటుని మెచ్చుకున్న మొదటి మనిషి. ఆ మధ్యాహ్నం మా షెడ్డులో ఉన్న పాత రేకులు మూడు తీసి, పైకప్పుకి వాడుకోమని ఇచ్చేశాను. ఎండ పడే వైపు మిర్చి గోతాలు విప్పి కుట్టి తెరగా కట్టింది. చూస్తే ముచ్చటగానే ఉంది. ఆ మాట పైకి అనలేదు.

కోళ్ళను వదిలాక తెలిసింది తంటా. కోడికి గీరడం అలవాటు. సిమెంటు మీద గోళ్ళతో పరపరా గీరి, రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి కింద చూసేవి. ఏముంటుంది అక్కడ, నా నున్నటి సిమెంటు తప్ప. మళ్ళీ గీరడం, మళ్ళీ వెనక్కి అడుగు, మళ్ళీ చూడటం. రోజంతా అదే. పేపరు చదువుకుందామని కూర్చుంటే ఆ గీరుడు చప్పుడు నా వీపు మీదే గీరినట్టుండేది. ఇట్లాంటి వాటికి జాలిపడే మనిషిని కాను గానీ, ఆ వెనక్కి అడుగు వేసి చూడటం ఉంది చూశారూ, అది నాకు నచ్చలేదు.

పది రోజులయ్యేసరికి బూడిద పెట్ట కుంటడం మొదలుపెట్టింది. జైతున్‌బీ దాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి కాలు చూసింది. అరికాల్లో నల్లటి చెక్కు కట్టిన పుండు. గట్టి నేల మీద దూకీ దూకీ వచ్చింది. వేడినీళ్ళతో కడిగి పసుపు పెట్టి గుడ్డ చుట్టింది. ఆ సాయంత్రం ఆవిడ అన్నం తినలేదని మా ఆవిడ చెప్పింది.

"కింద మెత్తగా ఏదన్నా పరవాలి సార్" అంది మర్నాడు. రెండు రోజుల్లో పరిచింది కూడా. పని నుంచి వస్తూ గోతాలకు గోతాలు మోసుకొచ్చి జానెడు మందాన పోసింది. ఏమిటనుకున్నారు? మిరపకాయల తొడిమలు. అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి, ఊరికే ఎత్తుకుపొమ్మంటారు. కోళ్ళకు కారం తెలియదు. మనిషి నోరు మండే గింజని అవి జొన్నగింజలా ఏరుకు తింటాయి. తొడిమల్లో గింజలు చూసేసరికి ఏడూ పండగ చేసుకున్నాయి. గీరితే కదులుతోంది, వెనక్కి అడుగేసి చూస్తే ఏదో ఒకటి దొరుకుతోంది. నాలుగు రోజులకి గుడ్లలో సొన ఎర్రగా వచ్చింది. జైతున్‌బీ ఒక గుడ్డు మా ఆవిడ గిన్నెలో కొట్టి చూపించి మురిసిపోయింది. నేను కూడా, పోనీలే, ఇబ్బంది తీరిందనుకున్నాను.

తొడిమ తీసేటప్పుడు కాయ విరగకుండా మిరపకాయల మీద ముందు నీళ్ళు చల్లుతారు. అంటే ఆవిడ తెచ్చిన తొడిమలు చెమ్మ మీదున్నాయన్నమాట. చెమ్మ ఉన్నన్నాళ్ళూ గొడవ లేదు. ఏప్రిల్ ఎండకి వారం తిరిగేసరికి అవి గలగలా ఎండాయి. ఆదివారం పొద్దున పడమటి గాలి తిరిగింది. సరిగ్గా అప్పుడే ఏడు కోళ్ళకీ స్నానం చెయ్యబుద్ధి పుట్టింది. కోడి స్నానమంటే తెలుసుగా, గుంట చేసుకుని పడుకుని, రెక్కలతో దుమ్మెత్తి ఒంటి మీద పోసుకోవడం.

నాకు మొదటి తుమ్ము కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు వచ్చింది. కాఫీ చొక్కా మీద పడింది. రెండోది, మూడోది, ఇంక ఆగలేదు. వంటింట్లో వెంకటరావమ్మ దగ్గుతోంది. ఎదురింట్లో స్తుతి అనే అమ్మాయి పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ఆ పిల్లలందరూ కళ్ళు నులుముకుంటూ రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చారు. "ఆంటీ, పోపు మాడిందా?" అని స్తుతి మా గేటు దగ్గర నుంచుని అరుస్తోంది, మధ్యలో తుమ్ముతోంది. పాలు పోసే అతను బండి మా వీధిలోకి తిప్పబోయి అట్నుంచటే పోయాడు.

తువ్వాలు మొహానికి చుట్టుకుని వెనక్కి వెళ్ళాను. కోళ్ళు కాళ్ళు చాపుకుని హాయిగా పడుకుని రెక్కలాడిస్తున్నాయి. జాలీ చుట్టూ ఎర్రటి దుమ్ము పొగలా లేస్తోంది. సరిగ్గా ఆ దుమ్ము మధ్యలో జైతున్‌బీ పీట వేసుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకుంటోంది. ఒక్క తుమ్ము లేదు. కళ్ళలో నీళ్ళు లేవు. నన్ను చూసి తలెత్తి, "ఏమైంది సార్, జలుబా?" అంది.

ఒళ్ళు మండిపోయింది. నోటికి ఏమొస్తే అది అన్నాను. వీధి వీధంతా చచ్చిపోతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా అన్నాను. చివరికి, "అసలు నీకు ముక్కుందా, లేదా?" అన్నాను.

ఆవిడ ముక్కు మీద వేలు పెట్టుకుంది. "ఉంది సార్. పని చెయ్యదు" అంది.

వేళాకోళమనుకున్నాను. మొహం చూస్తే కాదు.

"ఎప్పట్నుంచి?" అంది నా వెనకే వచ్చిన వెంకటరావమ్మ.

"తెలవదక్కా. జాస్మిన్ పుట్టినప్పుడు దాని తలకి వేసిన సాంబ్రాణి వాసన తెలిసింది. దాని పెళ్ళినాడు మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియలా. ఆ మధ్యలో ఎప్పుడో పోయింది. ముప్పై ఏళ్ళ నుంచీ ఆ ఘాట్లోనేగా కూర్చుంటున్నా, తుమ్ములు కూడా రావు. మాలో చాలామందికి అంతే."

అప్పటికైనా నోరు మూసుకోవచ్చు కదా నేను. మూసుకోలేదు. కోపం ఇంకా దిగలేదు. "అందుకే, కోళ్ళకి వాసనేముంటది అన్నావ్. కంపు కొట్టినా నీకు తెలియదు. ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళు నిన్నెందుకు ఖాళీ చేయించారనుకున్నావ్?" అన్నాను.

జైతున్‌బీ చేతిలో చేట పక్కన పెట్టింది.

"ఒకాయన తమ్ముడొస్తున్నాడన్నాడు సార్. ఒకామె సున్నాలు వేయించాలన్నది. ఇంకొకళ్ళు ఇల్లమ్ముతున్నామన్నారు. అమ్మలేదు, నేను మళ్ళా అటు పోయినప్పుడు చూశా. అందరూ వానాకాలంలోనే లేపారు, అదెందుకో అర్థమయ్యేది కాదు." ఏరిన రాళ్ళు పక్కన పారేసింది. "నేను వేరేగా అనుకున్నా సార్. మా పేర్లు చూసి అనుకున్నా. తొమ్మిదేళ్ళ నుంచీ అదే అనుకుంటున్నా."

తర్వాత నా వైపు తిరిగింది. "కంపు కొడతా ఉంటే ఒక్కరన్నా చెప్పొచ్చుగా సార్? ఊడ్చుకునేదాన్నిగా?" అంది.

నిజమే. వానకి తడిసిన కోళ్ళ జాగా ఎలా ఉంటుందో ఎవరికి తెలియదు? మర్యాదస్తులు కాబట్టి మొహం మీద అనలేక తమ్ముళ్ళనీ సున్నాలనీ అడ్డం పెట్టుకున్నారు. ఎనిమిది వానాకాలాలు ఈ మనిషి గంప ఒళ్ళో పెట్టుకుని, ఏం తప్పు చేశానో తెలియక ఆటో ఎక్కింది. నాకు సిగ్గేసింది. నేను తిట్టినందుకే కాదు, ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళ తరఫున కూడా. ఇంత దురుసు నోరు నాది ఒక్కసారి పనికొచ్చిందే అని కూడా అనిపించింది. ఆ రెండూ ఒకేసారి ఎలా అనిపించాయో అడక్కండి.

"ఖాళీ చెయ్యమంటారా సార్?" అంది.

వెంకటరావమ్మ నా వైపు చూసింది. స్తుతీ పిల్లలూ గేటు దగ్గరే ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఇందాక తిట్టిన నోటితో వెంటనే ఉండమనలేను, నా తత్వమే అంత. జైతున్‌బీయే నన్ను గట్టున పడేసింది.

"తొలకరి దాకా గడువియ్యండి సార్. ఈ తొడిమలు ఇవాళే ఎత్తేస్తా. మళ్ళా కొత్తగా కడతా. వాన పడ్డరోజు మీరే వచ్చి ముక్కు పెట్టి చూడండి. కంపొచ్చిందన్నారో, ఒక్క మాట అనకుండా గంప ఎత్తుకుపోతా."

"తొలకరి దాకానే" అన్నాను, వీధికి వినబడేలా.

తర్వాతి వారం మా ఆవిడా ఆవిడా ఆటోలో బ్రాడీపేట వెళ్ళి ముక్కు డాక్టరుకి చూపించుకొచ్చారు. నేను స్కూటరు మీద వెనకాలే వెళ్ళాను. వాళ్ళకి ఆ సందులు తెలియవని వెళ్ళానంతే. డాక్టరమ్మ లైటు వేసి చూసి, చాలా ఏళ్ళయిందమ్మా, ఇంక వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు అందట. పనికి వెళ్ళేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పిందట. బయటికొచ్చాక జైతున్‌బీ, "కోళ్ళకి కారం తెలవదు, నాకు వాసన తెలవదు, సరిపోయాం" అని నవ్వింది. మేమిద్దరం నవ్వలేకపోయాం.

ఇంక రెండోసారి కట్టడం. ఈసారి నేను కుర్చీ వేసుకోలేదు. లుంగీ ఎగ్గట్టాను. తొడిమలన్నీ గోతాల్లోకెత్తి, సిమెంటుని మూడుసార్లు కడిగాం. జాలీ లోపల చుట్టూతా రెండు వరసల ఇటుకలు పేర్చింది, సున్నం గానీ సిమెంటు గానీ పెట్టకుండా. గేటు వైపున్న వరసలో ఇటుకకీ ఇటుకకీ మధ్య వేలెడు సందు వదిలింది, నీళ్ళు నిలవకుండా పోవడానికి. అడుగున సన్న కంకర, దాని మీద ఇసక, దాని మీద మిల్లు నుంచి తెచ్చిన వరి ఊక మోకాలి సగం ఎత్తు. రెట్టలు ఊకలో కలిసిపోయి ఎండుతాయట, వారానికోసారి పారతో తిరగెయ్యాలట, తడిసినంత మేర మాత్రం అప్పటికప్పుడు ఎత్తెయ్యాలట. రేకుల్ని ఇంకో మూర ముందుకు లాగి కట్టాం. కప్పు మీద నుంచి చెంబుతో నీళ్ళు పోస్తూ వాన ఎలా పడుతుందో నేను చూపిస్తుంటే, ఎక్కడ తడుస్తోందో ఆవిడ లోపల కూర్చుని చూసింది.

స్నానానికి మట్టి కావాలి. ఆ మాట అడగలేక రెండు రోజులు నా చుట్టూ తిరిగింది. "మట్టా, నా వాకిట్లోనా?" అన్నాను ముందు. తర్వాత షెడ్డులో ఉన్న పాత లారీ టైరు తనే దొర్లించుకుపోతుంటే చూడనట్టు ఊరుకున్నాను. ఆ ఆదివారం ప్రత్తిపాడు బస్సెక్కి పుట్టిన ఊరెళ్ళింది. వాళ్ళ ఇల్లు ఎవరో కొనుక్కున్నారు. వాళ్ళని అడిగి, తల్లి కోళ్ళు తిరిగిన వాకిట్లోంచి గోతాం నిండా మట్టి తవ్వుకొచ్చింది. కండక్టరు లగేజీ టికెట్టు కొడతానన్నాడట. నా సర్వీసంతా వెతికినా మట్టికి టికెట్టు కొట్టింది లేదు. ఆ మట్టిలో పొయ్యి బూడిద కలిపి టైరులో పోసింది. కోళ్ళు వంతులేసుకుని అందులో పొర్లాయి. నెల తిరక్కుండా బూడిద పెట్ట కుంటడం మానేసింది.

ఆ నెలన్నర నాకో కొత్త ఉద్యోగం పడింది. పొద్దున్నే పళ్ళు తోముకుని వెనక్కి వెళ్ళి, జాలీ దగ్గర నుంచుని గట్టిగా గాలి పీల్చాలి. ఆవిడ పక్కన చీపురుతో నుంచుంటుంది.

"ఎట్టా ఉంది సార్?"

"కుడి మూల కొడుతోంది."

వెంటనే కుడి మూల ఊక ఎత్తేసి, కొత్తది పోసి, మళ్ళీ అడిగేది. బాగాలేదంటే బాధపడేది కాదు. వాసనొస్తోందని మొహం మీద చెబితే సంతోషపడిన మనిషిని నేను ఈవిడనొక్కతినే చూశాను. నాకు జలుబు చేసినప్పుడు వెంకటరావమ్మని పంపించాను. "ఆవిడ మొహమాటపడుద్ది సార్, మీరు తగ్గినాక రండి" అని తిప్పి పంపింది. మా ఆవిడ ఆ మాట నాకు వచ్చి చెప్పి, "ఊళ్ళో అందరూ తిట్టుకునే నోటికి ఇన్నాళ్ళకి ఒక గిరాకీ దొరికింది" అంది.

జూన్ రెండో వారం. మధ్యాహ్నం నాలుగింటికి ప్రత్తిపాడు వైపు నుంచి మబ్బు నల్లగా వచ్చింది. మొదట గాలి, తర్వాత ఏటవాలుగా వాన. రేకుల మీద టపటపా మోత. అరగంట దంచి కొట్టి తెరిపిచ్చింది. నా సిమెంటు మీద నీళ్ళు గేటు వైపు బుద్ధిగా పారుతున్నాయి. వెనక్కి వెళ్ళాను. వెంకటరావమ్మ కూడా గొడుగు పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నుంచుంది.

జైతున్‌బీ అప్పటికే జాలీ దగ్గరుంది. తడిసిపోయి ఉంది, కొంగు పిండుకోను కూడా లేదు. కోళ్ళు ఏడూ లోపల అడ్డంగా కట్టిన కర్ర మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఇటుకల సందుల్లోంచి తేటనీళ్ళు కారుతున్నాయి. ఊక పొడిగానే ఉంది. గాలికి జల్లు కొట్టి, ముందు వైపున్న టైరులో మట్టి మాత్రం సగం తడిసింది.

"చూడండి సార్" అంది.

నేను కళ్ళు మూసుకుని గాలి పీల్చాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

"వాసన వస్తోందా సార్?"

అబద్ధం చెప్పడం నాకు రాదని ముందే చెప్పాను. "వస్తోంది" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. మాటిచ్చింది కదా, ఒక్క మాట అననని. గోడకి ఆనించి ఉన్న వెదురు గంప దగ్గరికి వెళ్ళి వంగింది.

"ఆ గంప ముట్టుకోకు" అని అరిచాను. కోళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి. "పూర్తిగా విను ముందు. కోళ్ళది కాదు. కోళ్ళ వాసన పిసరంత కూడా లేదు. ఇది మట్టి వాసన. టైరులో మీ అమ్మ వాకిలి మట్టి తడిసింది."

గంప అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది జైతున్‌బీ. నేను గంప లాక్కుని, మా షెడ్డు అటక మీదికి విసిరేశాను. నిచ్చెన లేకుండా అందదు అక్కడ.

వెనక నుంచి వెంకటరావమ్మ నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు, కరివేపాకు చూపు. రేపు ఇంకో రంగుల డబ్బా, దానికి సరిపడా మట్టీ తేవాల్సిందే, తప్పేట్టు లేదు.

జైతున్‌బీ టైరు దగ్గర కూర్చుని తడి మట్టి కొంచెం తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే పెట్టుకుని, తీసేసి, నా వైపు చూసింది.

"ఎట్టా ఉంది సార్?" అంది.

ఇన్నాళ్ళూ అదే మాట అడిగింది, నేను కుడి మూలనో ఎడమ మూలనో అని చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు అడిగింది మూల సంగతి కాదు. తిట్టమంటే తిడతాను గానీ, ఇలాంటివి చెప్పడం నాకెక్కడొచ్చు. ఇటుక మీద కూర్చున్నాను.

"మన ప్రత్తిపాడు బస్సు తెలుసుగా" అన్నాను. "జూన్‌లో మొదటి జల్లు పడగానే అందరూ అద్దాలు దించబోయేవాళ్ళు. నేను వద్దని కసిరేవాణ్ణి. రెండు పక్కలా పత్తి చేలకి దున్ని పెట్టిన నేల. అప్పటిదాకా నా నోట్లో పడిన దుమ్మంతా ఒక్కసారి అణిగిపోయేది. అప్పుడు లోపలికి వచ్చేది ఈ వాసన. డ్రైవరు కూడా బండి నెమ్మది చేసేవాడు. టికెట్లు కొట్టడం ఆపేసి నేను ఫుట్‌బోర్డు మీద నుంచునేవాణ్ణి, ఎవణ్ణీ నుంచోనివ్వని నేను. కొత్త కుండలో నీళ్ళు పోసినప్పుడు వస్తుంది చూడు, అట్లా ఉంటుంది, ఇంకా ఎక్కువగా. చల్లగా ఉంటుంది."

మట్టంటే పడదని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్న మాట ఏమైపోయిందో నాకే తెలియదు. జైతున్‌బీ మట్టి పిడికిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. బూడిద పెట్ట కర్ర మీద నుంచి దిగి, తడి మట్టిని గీరి, వెనక్కి అడుగేసి చూసింది.

"మా అమ్మ వాకిలి ఊడ్చేముందు నీళ్ళు చల్లేది సార్" అంది జైతున్‌బీ. "ఆ వాసనేగా?"

"ఆ వాసనే."

"ఇంకోసారి చెప్పండి సార్."

నేను మళ్ళీ గాలి పీల్చి, బస్సు గుంటూరులో బయల్దేరిన దగ్గర్నుంచీ మొదలుపెట్టాను.